ఓక్ మెట్ల మీద మట్టెల చప్పుడు

పోయిన నెల మా చిన్నమ్మాయి డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఇల్లు కొనుక్కుందామని తిరుగుతూ, నన్ను కూడా కార్‌లో ఎక్కించుకుని ఒక కొత్త ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళింది. ఇల్లు అమ్మే ఆవిడ గుమ్మం బయటే మమ్మల్ని ఆపి, ఇది అచ్చమైన ఇంగ్లీష్ కంట్రీ హౌస్ స్టయిల్ అని మురిసిపోతూ, ముందు గోడ మీద నిలువుగా, ఏటవాలుగా ఉన్న నల్లటి దూలాల్ని చూపించింది. వయసు మీదపడ్డాక మనకో సౌకర్యం ఉంది చూశారూ, ఏం చేసినా పెద్దావిడలే అని వదిలేస్తారు. నేను తిన్నగా వెళ్ళి ఒక దూలాన్ని వేలితో తట్టి చూశాను. డొల్ల. కర్ర కూడా కాదు, ఏదో ప్లాస్టిక్ సరుకు తెచ్చి గోడకి అతికించారు. మా అమ్మాయి కళ్ళతోనే నన్ను బతిమాలుతోంది గానీ నాకు నవ్వు ఆగితేగా. కార్‌లో కూర్చున్నాక కూడా నవ్వుతూనే ఉన్నాను, అది కోపంగా డ్రైవ్ చేస్తూనే ఉంది.

అలాంటి ఇంటి అసలు దూలాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఈ దేశంలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అలాంటి ఇంట్లోనే. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో మా పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను, వాళ్ళు ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టారు. నా ఈడు వాళ్ళైతే కాస్త ఓపిగ్గా వింటారని ఇలా రాస్తున్నాను.

మేం మిషిగన్ వచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కందిపప్పు కావాలంటే వంతెన దాటి కెనడా వెళ్ళాలి, కరివేపాకు అంటే ఎవరో ఇండియా నించి వస్తూ ఎండబెట్టి తెచ్చిన నాలుగు రెబ్బలు. మా వారు కార్లకి బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీరు. పొద్దున్న వెళితే చీకటి పడ్డాక వచ్చేవారు. నేను వాల్తేరులో చరిత్రలో ఎమ్మే చేసి, పెళ్ళికి ముందు ఒక ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. అందులోనూ నా పేపరు ఇంగ్లండు చరిత్ర. ఆ దేశపు రాజుల పేర్లు, వాళ్ళ పెళ్ళాల పేర్లు, ఎవరి తల ఎప్పుడు తీయించారో అన్నీ నాలిక చివర ఉండేవి. ఇంగ్లీషు దొరల పల్లెటూరి భవంతుల గురించి కూడా క్లాసులో ధాటీగా చెప్పేదాన్ని గానీ, ఒక్కటంటే ఒక్కటి చూసిన పాపాన పోలేదు. ఆ ఇళ్ళ పొగగొట్టాలు ఎలా ఉంటాయండీ అని ఒక పిల్ల అడిగితే, మా ఊరి రైస్ మిల్లు వైపు చెయ్యి ఊపి ఊరుకున్నాను.

ఇక్కడికి వచ్చాక ఉద్యోగాలకి అప్లై చేశాను. ప్రతిచోటా నా డిగ్రీ చూసి ముచ్చటపడేవాళ్ళు, ఓ పదిహేను నిమిషాలు మాట్లాడించేవాళ్ళు, ఆ తర్వాత మీ మాట తీరు పిల్లలకి అర్థమవుతుందో లేదో అని మెల్లిగా నసిగేవాళ్ళు. కొన్నేళ్ళు అలా గడిచాయి. మన ఆడవాళ్ళంతా అప్పట్లో కంప్యూటర్ కార్డులకి చిల్లులు కొట్టే కీపంచ్ అని ఒక కోర్సు చేసి ఆఫీసుల్లో చేరుతుండేవాళ్ళు. మా వారి స్నేహితుడి భార్య నాక్కూడా సీటు మాట్లాడి పెట్టింది. అది తప్పు పని అనను, చాలామంది ఇళ్ళు నిలబెట్టిన పని. నాకు మాత్రం అందులో చేరితే ఇంక జన్మలో నలుగురి ముందు నిలబడి చరిత్ర చెప్పనని తెలుసు.

అదిగో ఆ రోజుల్లో ఒక ఆదివారం, పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళదామని బయల్దేరి, మా అపార్ట్‌మెంట్‌కి ఎంతో దూరం లేని, మ్యూజియంలా జనానికి తెరిచిపెట్టిన ఆ ఇంటికి వెళ్ళాం. పెద్ద పెద్ద చెట్ల మధ్య నించి కార్ మలుపు తిరిగేసరికి నా పాఠ్యపుస్తకం లేచి నిలబడ్డట్టు కనిపించింది. అడుగున తేనెరంగు రాయి, పైన నల్లటి ఓక్ దూలాల మధ్య తెల్లటి సున్నపు గోడలు, సీసపు తీగల్లో బిగించిన చిన్న చిన్న అద్దాల కిటికీలు. పైకప్పు మీద బోలెడన్ని ఇటుక పొగగొట్టాలు, ఒకటి జడ మెలి తిప్పినట్టు, ఒకటి తేనెపట్టులా, ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. కాలేజీలో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు ఇంత దూరం వచ్చి దొరికింది నాకు.

ఆ ఇంటి కథ కూడా సరదాగానే ఉంటుంది. కట్టించినాయన దొర కాదు, ప్రభువూ కాదు. కార్లకి చక్రాల రిమ్ములు చేసి బాగా గడించిన డెట్రాయిట్ మనిషి. ఆయన భార్య ఇంగ్లండు చూసి వచ్చి, ఉంటే అలాంటి ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టింది. అంతే, ఆర్కిటెక్టుని ఓడెక్కించి అక్కడి పాత భవంతులన్నీ బొమ్మలు గీసుకు రమ్మన్నారు. అప్పుడే అక్కడ ఏదో పల్లెటూళ్ళో మూడు, నాలుగు వందల ఏళ్ళ నాటి ఇంటిని పడగొడుతున్నారట. ఆ ఇంటి మెట్లదారి, హాలు గోడలకుండే చెక్క పలకలు కొనేసి, విప్పి, గడ్డిలో చుట్టి, పెట్టెల్లో పెట్టి మిషిగన్ తెచ్చి మళ్ళీ బిగించారు. మిగతాదంతా ఇక్కడి రాయి, ఇక్కడి కూలీలు. ఇంకో విచిత్రం, కొత్త ఇల్లని తెలిసిపోతుందేమోనని, పైకప్పు నడుం దగ్గర కాస్త కుంగినట్టు కావాలనే కట్టించారు. మా నాన్నగారు బతికి ఉంటే, కొత్త ఇంటికి పాత ఇంటి జబ్బులు డబ్బిచ్చి తెచ్చుకున్నారన్నమాట అని ఉండేవారు.

మా తెలుగువాళ్ళని తర్వాత ఎంతమందిని తీసుకెళ్ళానో. ఒక్కొక్కళ్ళదీ ఒక్కో విమర్శ. స్నేహితుల్లో ఒకాయనకి వాస్తు పిచ్చి, జేబులో దిక్సూచి పెట్టుకుని వచ్చి, ఈశాన్యంలో మెట్లు పెట్టారు కాబట్టే ఆ రిమ్ములాయన వంశం ఇంట్లో నిలవలేదని తేల్చేశాడు. ఆడవాళ్ళకి వంటిల్లు చూసి దిమ్మ తిరిగేది. భోజనాల గదికి, వంటింటికి మధ్య అంత పొడుగు నడవా, రెండు తలుపులు. వంట వాసన దొరల ముక్కుకి తగలకూడదని అలా కడతారని చెబితే, తాలింపు వాసన రాని ఇల్లు కూడా ఒక ఇల్లేనా అని నాకు వరసకి వదినయ్యే ఆవిడ జాలిపడింది. అక్కణ్ణించి పప్పు తెచ్చేసరికి చల్లారదూ అని ఆవిడ బెంగ. ఎవరి బెంగ వాళ్ళది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ మొదటి ఆదివారమే, బయటికి వచ్చే తలుపు దగ్గర గైడ్లు కావాలని ఒక కాగితం అంటించి ఉంది. నేను ఆగిపోయాను. మా వారు నా మొహం చూసి, పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, నువ్వు అడిగి రా, మేం తోటలో ఉంటాం అని వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటకి ఆయనకి నేను జీవితాంతం బాకీ.

అక్కడ గైడ్లందరికీ పెద్దగా ఒకావిడ ఉండేది. నిటారైన మనిషి, తెల్లటి జుట్టు, మెళ్ళో ముత్యాలు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. నన్ను ఇంగ్లండు చరిత్రలో నాలుగైదు ప్రశ్నలు అడిగింది, చెప్పాను. తర్వాత అందరూ నసిగిన మాటే ఆవిడా అంది గానీ, నసగకుండా అంది. ఇక్కడికి వచ్చేవాళ్ళు చెవి సరిగా వినపడని పెద్దవాళ్ళు, నీ ఉచ్చారణ వాళ్ళు పట్టుకోగలరా అన్నది నా అనుమానం అని. వచ్చే శనివారం ఏదో తోటల క్లబ్బు ఆడవాళ్ళు వస్తున్నారు, వాళ్ళకి ఇల్లంతా నువ్వే తిప్పి చూపించు, నేను వెనకాల ఉండి వింటాను, ఆ తర్వాత చూద్దాం అంది. ఇంటికి వస్తూ కార్‌లో మా వారికి మాటిచ్చాను, ఇది కూడా పోతే సోమవారం నోరు మూసుకుని కీపంచ్‌లో చేరిపోతానని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఆ వారమంతా మా రెండు గదుల అపార్ట్‌మెంటే ఆ భవంతి అయిపోయింది. ముందు గది మహా హాలు, కోట్లు పెట్టుకునే అర పూర్వం రాజభటులకి దొరక్కుండా చర్చి గురువులు దాక్కునే రహస్యపు గది, వంటింటి గట్టు వాద్యగాళ్ళ మేడ. సాయంత్రం కాగానే మా వారు, పిల్లలిద్దరూ టిక్కెట్లు కొనుక్కున్నట్టు తలుపు దగ్గర నిలబడేవాళ్ళు. మా పెద్దమ్మాయికి అప్పటికే అమెరికన్ యాస పట్టుబడింది, నేను వైన్ అన్నా, వాల్ అన్నా పెదవులు సున్నా చుట్టి చూపించేది. చిన్నది ప్రతి గదిలోనూ బాత్రూమ్ ఎక్కడని అడిగేది. మా వారైతే అసలు సిసలు ముసలి అమెరికన్ అయిపోయి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మళ్ళీ చెప్పండి అని ప్రాణం తోడేవారు. ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే, అదిగో బ్యాండు మొదలైంది అనేవారు. నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టేది గానీ, శుక్రవారానికి ఆ ఇంటి ముచ్చట మొత్తం నా ఒంట్లోకి ఎక్కేసింది.

శనివారం ఏం కట్టుకోవాలన్నది పెద్ద సమస్య. ప్యాంటు వేసుకుంటే వాళ్ళలో ఒకదానిలా ఉంటానని మా వారు, చీరైతే నాకు ధైర్యంగా ఉంటుందని నేను. చివరికి ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టి, చెప్పులేసుకుని వెళ్ళాను. ఆ క్లబ్బు ఆడవాళ్ళంతా ఎత్తు మడమల జోళ్ళు, టోపీలు, చేతి సంచులతో వాకిట్లో పేరంటానికి వచ్చినట్టు గుమిగూడి ఉన్నారు. ముత్యాల ఆవిడ ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నేను గుమ్మం ముందు నిలబడి, ఇంటి గోడల రాయి గురించి మొదటి వాక్యం మొదలుపెట్టాను. నోరు తెరిచాక మిగతాదంతా దానంతటదే వచ్చింది. హాల్లోకి తీసుకెళ్ళాను, నిప్పుగూడు చూపించాను, పలకల వెనకాల వేడిగాలి గొట్టాలు ఎలా దాచారో చెప్పాను, వాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వారు. ఉచ్చారణ సంగతే నాకు గుర్తులేదు.

ఇంగ్లండు నించి తెచ్చిన ఆ మెట్ల మీద రెండో మెట్టు ఎక్కేసరికి టిక్కుమని చప్పుడైంది. ఇంకో మెట్టు, మళ్ళీ టిక్కు. ఏమిటా అని కిందికి చూస్తే, నా మట్టెలు. ఓక్ చెక్క మీద నా వెండి మట్టెలు మోగుతున్నాయి. వారం రోజులు ఇంట్లో వట్టి కాళ్ళతో ఈ పాఠం వల్లించానేమో, గుమ్మం దగ్గర మాట మొదలుపెట్టగానే నా కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచేశాయి. నాకు తెలియనే తెలియదు. అంతకన్నా ఘోరం, ఇంతమంది మడమ జోళ్ళ వాళ్ళు నా వెనకాల నడుస్తుంటే నా మట్టెలు నాకెలా వినపడ్డాయని అప్పుడు తట్టింది. వెనక్కి తిరిగాను. క్లబ్బు ఆడవాళ్ళందరూ మేజోళ్ళతో నిలబడి ఉన్నారు. ఇది ఈ ఇంటి ఆచారం కాబోలనుకుని, పాపం, గుమ్మం దగ్గర ఎవరి జోళ్ళు వాళ్ళు వరసగా విడిచిపెట్టి, నిశ్శబ్దంగా నా వెనక వచ్చేశారు. టోపీలు మాత్రం తలల మీదే ఉన్నాయి. అందరి వెనకాల ముత్యాల ఆవిడ జోళ్ళతో, బిగుసుకున్న పెదవులతో నావైపే చూస్తోంది.

అయిపోయింది, సోమవారం కీపంచే అనుకున్నాను. మొహం వేడెక్కిపోయింది. క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోగా, వాళ్ళలో బాగా పెద్దావిడ ఒకరు, చేతికర్ర పట్టుకున్నావిడ, మొదటి మెట్టు మీద నిలబడి కళ్ళు మూసుకుంది. పాదాన్ని అటూ ఇటూ మెల్లిగా జరిపి చూసుకుంది. ఇక్కడ పల్లంగా ఉంది అంది. అప్పుడు మిగతావాళ్ళూ మెట్లెక్కి పాదాలతో తడుముకోవడం మొదలుపెట్టారు. నిజమే, ప్రతి మెట్టూ మధ్యలో అరిగిపోయి, మన రుబ్బురోలు అంచులా నున్నగా, పల్లంగా ఉంది. జోళ్ళతో ఎక్కేవాళ్ళకి ఎన్నడూ తెలియదు. వందల ఏళ్ళుగా ఇంగ్లండులో ఆ పల్లెటూళ్ళో దొరసానులు, వంటవాళ్ళు, దీపాలు పెట్టేవాళ్ళు, బిడ్డల్ని చంకనేసుకున్న దాదులు ఎక్కి దిగి చేసిన పల్లం అది. నేను రాసిపెట్టుకున్నవన్నీ పక్కనపెట్టి, అప్పుడు మనసులో ఏది వస్తే అది చెప్పాను. మెట్టు మధ్యలోనే కాక గోడ పక్కన కూడా ఎందుకు అరిగిందో చూడమన్నాను, బరువు మోసేవాళ్ళు గోడకి ఆనుకుని ఎక్కుతారు కదా అన్నాను. అటక మీంచి ఆవకాయ జాడీ దింపిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. వాళ్ళు ఆ పక్క కూడా నిలబడి చూసి, అవునవునని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఒకావిడ నా మట్టెల గురించి అడిగింది, పెళ్ళినాడు పెట్టినవని చెబితే, అందరూ వంగి మరీ చూశారు.

టూర్ అయ్యాక వాళ్ళంతా గుమ్మం దగ్గర, గుడి బయట మనం వెతుక్కున్నట్టే జోళ్ళు వెతుక్కుని, నాతో చేతులు కలిపి వెళ్ళిపోయారు. మిగిలింది నేను, ముత్యాల ఆవిడ. నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవాలో వద్దో తెలియక నిలబడ్డాను. ఆవిడ తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళి, కింది మెట్టు మీద కూర్చుని, జోళ్ళు విప్పింది. లేచి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ మలుపు దాకా ఎక్కింది, అంతే మెల్లిగా దిగింది. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు చూస్తానని నేననుకోలేదు.

"ఇన్నేళ్ళ నించి ఈ మెట్ల వయసు అందరికీ చెబుతున్నాను," అంది. "అది నాకే తెలియదు." జోళ్ళు తొడుక్కుంటూ, "మంగళవారం నించి రాగలవా?" అని అడిగింది.

మంగళవారం పూట కొత్త పని మొదలుపెట్టడమేమిటని మా అమ్మ ఎన్ని ఉత్తరాల్లో తిట్టిందో. ఆ క్షణంలో అమావాస్య నాడు రమ్మన్నా వెళ్ళేదాన్నే. వస్తానని చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని తోటలోకి పరిగెత్తాను. నాకోసం అక్కడే కాచుకుని ఉన్న పిల్లలు బాతులకి రొట్టెముక్కలు వేస్తున్నారు. మా వారు నన్ను దూరం నించి చూసి, చెప్పులెందుకు చేతిలో ఉన్నాయని కూడా అడగలేదు, నవ్వేశారు. ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేశాను, అది అడుగంటినా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆ మెట్ల దగ్గర ఒక బల్ల వేయించారు, జోళ్ళు విడిచి ఎక్కండని బోర్డు పెట్టారు. ఆ ఇంట్లో నేను జుట్టు నెరిసేదాకా పనిచేశాను. బడిపిల్లలు బిలబిలమని సాక్సులతో జారేవాళ్ళు. సీసపు కిటికీల్లోంచి పడిన ఎండలో ఆ చెక్క వెచ్చగా ఉండేది. చలికాలం మధ్యాహ్నాల్లో జనం లేనప్పుడు ముత్యాల ఆవిడ, నేను ఆ మెట్ల మీదే కూర్చుని, నేను తెచ్చిన పులిహోర, ఆవిడ తెచ్చిన శాండ్‌విచ్ చెరిసగం పంచుకునేవాళ్ళం. వంట వాసన హాల్లోకి రాకూడదని కట్టిన ఇంట్లో ఇంగువ వాసన గుప్పుమనేది. ఆవిడ చివరిదాకా నన్ను అందరికీ మన ఇంటి గైడ్ అనే పరిచయం చేసింది. నేను ఈ దేశంలో దేన్నైనా మనది అని మొదటిసారి నోరారా అన్నది ఆ ఇంటినే. ఇక్కడే పుట్టిన మా పిల్లలకి ఆ మాట ఇంత కష్టపడి దొరకాలంటే నవ్వొస్తుంది, దొరకనక్కర లేకపోవడం నాకు సంతోషమే.

ఇప్పుడు ఆవిడ లేదు, మా వారూ లేరు. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు చేస్తున్నారు, మొన్న మన తెలుగువాళ్ళదే ఒకటి జరిగిందట, బాగా చేశారట. గైడ్లు లేరు. ఫోన్‌లో ఒక గొంతు వినిపిస్తుంది, చక్కటి ఉచ్చారణ, ఎక్కడా తడబడదు, మళ్ళీ చెప్పండి అంటే మళ్ళీ అదే చెబుతుంది. ఎవరైనా జారిపడితే ఇన్సూరెన్స్ గొడవ అని మెట్ల మీద మందపాటి ఎర్ర తివాచీ బిగించేశారు. వచ్చినవాళ్ళు కింద నిలబడి ఫొటో తీసుకుని, లిఫ్ట్‌లో పైకి వెళ్ళిపోతారు. తప్పని నేననను, చెక్క పాడవకుండా ఉంటుంది. కానీ ఆ తివాచీ కింద ఇంగ్లండు వంటవాళ్ళూ దాదులూ అరగదీసిన పల్లాలున్నాయి. అన్నేళ్ళు ఎక్కి దిగాను, వెంట్రుకవాసి లోతైనా అందులో నా పాదాలదీ ఉండకపోదు. మా పిల్లలు ఎప్పుడైనా ఆ ఇంటికి వెళితే, కాపలా మనిషి చూడనప్పుడు తివాచీ ఒక మూల ఎత్తి, వట్టి కాలు పెట్టి చూడమని చెప్పాలి. గోడ పక్కన పెట్టమనాలి, నేను ఎప్పుడూ గోడ పక్కనే ఎక్కేదాన్ని.